మోచేతి వెనక బరువు

బస్టాండు వెనక సందులో, తాళాలు చేసే అతని బంకుకీ జిరాక్సు షాపుకీ మధ్య ఇరుక్కుని, సంచులు బాగుచేసే కొట్టు ఒకటుంది. ఎంత ఇరుకంటే, లోపల ఇద్దరుంటే ఒకరు బయటికెళ్తేగానీ రెండోవాళ్ళు వెనక్కి తిరగలేరు. దాన్ని నడిపే ఆవిడని అందరూ సంచులక్క అంటారు. చిన్నవాళ్ళూ అక్క అనే అంటారు, ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళూ అక్క అనే అంటారు. మొదట్లో మొహం చిట్లించేది. పోనుపోను అదే పేరైపోయాక ఇక ఊరుకుంది.

తెగిన పట్టీలు, పళ్ళూడిన జిప్పులు, చక్రం విరిగిన సూట్‌కేసులు, ఏవొచ్చినా ఆవిడ కాదనదు. అయితే ఒక పద్ధతుంది. పట్టీ కుట్టడం అవగానే సంచి చేతికిచ్చి పంపించెయ్యదు. "ఒకసారి తగిలించుకుని సందు చివరిదాకా నడిచి రండి" అంటుంది. వాళ్ళు నడుస్తుంటే సంచి వంక చూడదు, భుజం వంక చూస్తుంది. భుజం చెవి వైపుకి పాకిందంటే పట్టీ మళ్ళీ విప్పాల్సిందే.

"బస్సు వెళ్ళిపోతుందక్కా" అని గింజుకుంటారు తొందరలో ఉన్నవాళ్ళు.

"ఇంకో బస్సొస్తుంది. ఇంకో భుజం రాదు" అంటుంది సంచులక్క, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆవిడ భర్త నీళ్ళ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. రోడ్డు వేసినప్పుడల్లా తారు కింద పూడుకుపోయే వాల్వు మూతల్ని వెతికి పట్టుకోవడం ఆయన ఉద్యోగం. పొడుగాటి కర్ర చివర గుండ్రటి పళ్ళెంలాంటిది బిగించిన మెటల్ డిటెక్టర్‌ని చేత్తో పట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వీధిని ఊడుస్తున్నట్టు ఇటూ అటూ ఊపుకుంటూ నడిచేవాడు. కింద ఇనుముంటే చెవిలో కూత వినపడేది. ఆ కూత విని లోపలున్నది వాల్వు మూతో, ఎవరో పారేసిన రేకు డబ్బానో చెప్పేసేవాడు. ఉద్యోగం అయిపోయిన రోజున ఆఫీసువాళ్ళు శాలువాతోపాటు పాతబడ్డ మిషనొకటి ఆయనకే ఇచ్చేశారు. శాలువా బీరువాలోకెళ్ళింది. మిషను మాత్రం మర్నాటి నుంచే సముద్రం ఒడ్డుకెళ్ళడం మొదలుపెట్టింది.

ఇసకలో జనం పోగొట్టుకున్నవన్నీ ఆయనకి దొరికేవి. ఉంగరాలు, తాళంచెవులు, చిన్నపిల్లల గాజులు, ఒకసారి ఎవరిదో కళ్ళజోడు ఫ్రేము. ఎవరివో తెలిస్తే ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చొచ్చేవాడు. తెలియకపోతే ఒడ్డున టీ అమ్మే అతని దగ్గర పెట్టి వచ్చేవాడు. సంచులక్క ఆ మిషనుకి సవతి అని పేరు పెట్టింది. "బావగారు కనపడరేంటక్కా?" అని తాళాలతను అడిగితే, "సవతిని షికారుకి తీసుకెళ్ళారు" అనేది. ఇంటికొచ్చాక ఆయన మిషనుకి అంటిన ఇసక తుడుస్తుంటే పక్కనే నిలబడి, "దాని కాళ్ళు కడగడం అయితే కాస్త ఇటు వచ్చి కూర గిన్నె దించుతారా?" అనేది. ఆయన నవ్వేవాడు. మాటకారి కాదాయన. నవ్వే ఆయన సమాధానం.

ఒకరోజు పొద్దున ఆయన చొక్కా కొక్కేనికి తగిలించబోయి సగంలో ఆగిపోయాడు. చెయ్యి పైకి రాలేదు. ఎడంచేత్తో కుడిచేతిని పట్టుకుని ఎత్తబోయాడు. మొహం తెల్లగా పాలిపోయింది. డాక్టరు స్కానింగు తీయించి, భుజంలోపల కండ అరిగి చీలికలు వారిందనీ, ఏళ్ళ తరబడి చెయ్యి చాచి బరువు ఊపడం వల్లే ఇలా అయిందనీ చెప్పాడు. వ్యాయామం చేయించే అమ్మాయి దగ్గరికి పంపాడు. ఆ అమ్మాయి మంచిది. కసురుకోకుండానే కచ్చితంగా చెప్పింది. "ఆ పాత మిషను ఇక ముట్టుకోకండి బాబాయ్. తేలికపాటిదేదైనా అయితే తర్వాత చూద్దాం."

మిషను అటక మీదికి ఎక్కింది. ఆయన కొట్టుకి రావడం మొదలుపెట్టాడు.

సంచులక్క జీవితంలో అంత కష్టకాలం లేదు. ఆయన ఏమీ అనడు, ఏమీ అడగడు, ఒక మూల స్టూలు మీద కూర్చుంటాడు. ఊరికే కూర్చోలేక జిప్పుల డబ్బా ముందుకి లాక్కుని రంగుల వారీగా సర్దుతాడు. ఆవిడ వాటిని పొడుగుల వారీగా పెట్టుకుంటుంది. ఎర్రవన్నీ ఒకచోట, నల్లవన్నీ ఒకచోట చేరాక, ఆవిడకి కావలసిన జానెడు జిప్పు ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. కస్టమరు ముందు డబ్బాలన్నీ బోర్లించి వెతుక్కునేది గానీ ఆయన్ని ఒక్క మాటా అనేది కాదు. ఆయన ఇంటికెళ్ళాక మళ్ళీ పొడుగుల వారీగా సర్దుకునేది. మర్నాడు ఆయనొచ్చి, "ఏంటే, మళ్ళీ కలిసిపోయాయి" అని మొదలుపెట్టేవాడు. "జిప్పులకి బుద్ధుంటేగా" అనేది ఆవిడ.

పెళ్ళై ఊరి ఆ చివర ఉంటున్న కూతురు ఇదంతా ఫోన్లో విని వారం తిరక్కుండానే వచ్చింది. అల్లుడి చేతిలో పొడుగాటి అట్టపెట్టె. అందులో కొత్త మిషను. నల్లగా నిగనిగలాడుతూ, సన్నగా, అల్లుడు రెండు వేళ్ళతో ఎత్తి చూపించేంత తేలిగ్గా ఉంది.

"వ్యాయామం చేయించే అమ్మాయిని అడిగే కొన్నాం నాన్నా. రోజుకి కాసేపు పరవాలేదంది. షాపులో ఉన్నవాటన్నిట్లోకీ ఇదే తేలిక" అంది కూతురు. తండ్రి చేతిలో పెడుతున్నప్పుడు ఆ పిల్ల కళ్ళు, స్కూల్లో గీసిన బొమ్మ మొదటిసారి తెచ్చి చూపించినప్పుడు ఉన్నట్టే ఉన్నాయి.

ఆయన దాన్ని పట్టుకుని హాల్లోనే రెండుసార్లు ఊపాడు. "దూదిలా ఉందమ్మా" అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఒడ్డుకి బయల్దేరాడు. సంచులక్క కొట్టులో కూర్చుని గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. జిప్పులు పొడుగుల వారీగా సర్దుకుంది. కానీ చీకటి పడకముందే ఆయన ఇంటికొచ్చేశాడు. "ఎలా ఉంది?" అంటే "బ్రహ్మాండం" అన్నాడు. ఆయన ఎప్పుడూ వాడని మాట అది. ఆ మాటే ఆవిడ చెవిలో గుచ్చుకుంది.

ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టింది. కాఫీ గ్లాసు ఎడంచేత్తో అందుకుంటున్నాడు. తలుపు తాళం ఎడంచేత్తో తిప్పబోయి తంటాలు పడుతున్నాడు. పడుకునేముందు వేన్నీళ్ళ సంచి భుజానికి కాకుండా మణికట్టుకి పెట్టుకుంటున్నాడు. కూతురు రోజూ ఫోన్ చేసి అడుగుతుంది. ఈయన రోజూ దూది అంటాడు. సంచులక్క వంటింట్లోంచి వింటూ, దూది మోసి చెయ్యి వాచినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా అనుకుంది. పైకి అనలేదు. అడిగితే ఇంకో బ్రహ్మాండం వస్తుందని ఆవిడకి తెలుసు.

ఆయన వ్యాయామానికి వెళ్ళిన ఓ మధ్యాహ్నం కొత్త మిషను భుజాన వేసుకుని కొట్టుకి తెచ్చింది. కొట్టు వెనక గోడౌను కూలగొట్టిన ఖాళీ జాగా ఉంది. ఇటుక ముక్కలూ గడ్డీ తప్ప ఏమీ లేవు. అక్కడ నిలబడి, ఆయన తుడుస్తున్నప్పుడు చూసిన గుర్తుతో మీట నొక్కి, ఊపడం మొదలుపెట్టింది.

తాళాలతను బంకులోంచి తల బయటికి పెట్టాడు. "ఏం పోయిందక్కా?"

"మతి. దొరికితే చెప్తాలే."

మొదట హాయిగానే ఉంది. ఇంతోటి దానికి నొప్పేంటి అనుకుంది కూడా. జాగా సగం దాటేసరికి పిడి పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి. ఎందుకు బిగించానా అని వదులు చేస్తే మిషను ముక్కు నేలకి దిగిపోయింది. ఎత్తితే మళ్ళీ వేళ్ళు బిగిశాయి. ఆ బిగింపు మణికట్టులోకి, అక్కణ్ణుంచి మోచేతికి, మోచేతి నుంచి చీమలబారులాగా భుజంలోకి పాకింది. మెడ ఒక పక్కకి గుంజింది. పెద్ద బరువేం కాదు. కానీ ఆ కాస్త బరువూ చేతికి ఆమడ దూరంలో, కర్ర చివర వేలాడుతోంది.

అంతలో మిషను కూసింది. ఆవిడ ఉలిక్కిపడి, చుట్టూ చూసి, వంగి మట్టి గీకింది. తుప్పు పట్టిన జిప్పు లాగే రన్నరొకటి చేతికొచ్చింది. ఇన్నేళ్ళూ మొగుడు నిధులు వెతుకుతుంటే ఎగతాళి చేసినందుకు నేల తనకి చేసిన మర్యాద ఇదా అని ఒక్కతే నవ్వుకుంది. నవ్వుతూనే, ఆయన కూత విన్నప్పుడు అలా ఆగిపోయి తల వాల్చి ఎందుకు నిలబడతాడో కొంచెం అర్థమైంది. కింద ఏముందో తెలియని ఆ క్షణంలో భుజం నొప్పి గుర్తు లేదు.

మట్టి దులుపుకుని, మిషనుని అడ్డంగా రెండు వేళ్ళ మీద ఆనించి, ఎటూ ఒరగకుండా నిలబడే చోటు కోసం వేళ్ళు జరుపుకుంటూ వెళ్ళింది. పిడి దగ్గర నిలబడలేదు. పిడి దాటి చాలా ముందుకి, పళ్ళెం వైపు వెళ్ళాకగానీ నిలబడలేదు. సంచులక్కకి ఇది కొత్త కాదు. వీపుకి ఆనకుండా వెనక్కి వేలాడే పుస్తకాల సంచుల్ని రోజూ చూస్తుంది. లోపల రెండు పుస్తకాలే ఉన్నా పిల్లలు వంగిపోయి నడుస్తుంటారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మెల్లిగా అంది. "ఇవాళ మీ దూదిని నేనూ ఊపాను."

ఆయన ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగాడు. "ఎక్కడ పట్టేసింది?" అని అడిగాడు.

"ముందు ఇక్కడ. తర్వాత ఇక్కడ." మణికట్టూ మోచెయ్యీ చూపించింది. "మీకు?"

"నాకూ అంతే."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నారు ఇన్నాళ్ళూ?"

"మన పిల్ల మొహం చూశావుగా ఇచ్చేటప్పుడు" అన్నాడాయన. "నొప్పి అన్నానంటే ఇది కూడా అటకెక్కించేస్తారు. నాకు ఉంగరాలు దొరక్కపోయినా పరవాలేదే. ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకుని నడుస్తుంటే నేనింకా పనిలోనే ఉన్నట్టుంటుంది. నీ కొట్లో కూర్చుంటే నీకు అడ్డమని నాకు తెలీదా? జిప్పులు నువ్వు ఎలా పెట్టుకుంటావో నాకు తెలీదా?"

"తెలిసే రంగుల వారీగా పెట్టారా?"

"ఏదో ఒకటి చెయ్యాలిగా. సరిగ్గా పెడితే మర్నాటికి పనుండదు."

సంచులక్కకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగేసి ఇంకాస్త పెరుగు వేసింది.

మర్నాడు చేపల వలలకి కట్టే సీసం గుండ్లు తెచ్చింది. మందపాటి గుడ్డతో చిన్న సంచి కుట్టి, గుండ్లు అందులో పోసి, మిషను వెనక కొసకి, అంటే చేత్తో పట్టుకున్నప్పుడు మోచేతికి వెనకగా వచ్చే చోట కట్టింది. ఆయన కళ్ళప్పగించి చూశాడు.

"తేలిక చెయ్యమంటే ఇంకా బరువు పెడుతున్నావేంటే?"

"నోరు మూసుకుని పట్టుకోండి."

పట్టుకుంటే మిషను ముక్కు ఆకాశంలోకి లేచింది. ఆయన విమానం ఎగరేస్తున్నవాడిలా నిలబడ్డాడు. జిరాక్సు షాపు కుర్రాడితో సహా సందంతా నవ్వింది. గుండ్లు కొన్ని తీసింది. మళ్ళీ కొన్ని తీసింది. చివరికి ఒక చోట మిషను ఆయన చేతిలో ఎటూ దిగకుండా, నీళ్ళ మీద తేలినట్టు ఆగింది. ఆయన పిడి మీద వేళ్ళు ఒక్కొక్కటే వదిలేసి, చివరికి బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే ఆనించి ఊపి చూశాడు. ఈసారి బ్రహ్మాండం అనలేదు. "ఊఁ" అన్నాడు. ఆవిడకి ఆ ఊఁ చాలు.

అక్కడితో అయిపోలేదు. కర్ర ఆయన ఎత్తుకి చాలా పొడుగ్గా ఉందని ఆవిడ కనిపెట్టింది. తాడిచెట్టంత అల్లుడు షాపులో తన ఎత్తుకి సరిచూసి బిగించాడు, తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని కుదించేసరికి ఆయన మోచెయ్యి ఒంటికి దగ్గరగా వచ్చింది. చెయ్యి ఆనించే దోనెలాంటి చోటు వెడల్పుగా ఉండి చెయ్యి లోపల దొర్లుతోందని మందపాటి ఫెల్టు గుడ్డ పరిచింది. భుజానికి ఇంకా ఆసరా కావాలని పట్టీ ఒకటి కుట్టి మెడలో వేసింది. అది మెడని కోసేసింది. "కాడి కట్టిన ఎద్దులా ఉన్నానే" అన్నాడు. ఒప్పుకుని విప్పేసింది. రెండోసారి పాత ప్రయాణపు సంచి పట్టీలు తీసి, బాగున్న ఎడమ భుజం మీదుగా వీపంతా చుట్టి నడుం దాకా వచ్చేలా కుట్టి, ముందు వైపు సాగే ఎలాస్టిక్కుతో మిషనుని వేలాడదీసింది. బరువు వీపూ నడుమూ పంచుకున్నాయి. కుడిచేతికి మిగిలింది దారి చూపించే పని ఒక్కటే. వ్యాయామం చేయించే అమ్మాయి ఆయన్ని అటూ ఇటూ నడిపించి చూసి, "ఇలా అయితే ఇంకో పావుగంట ఎక్కువ నడవండి బాబాయ్" అని, తన హ్యాండుబ్యాగు పట్టీ కూడా సరిచెయ్యమని ఆవిడ చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం సంచులక్క కొట్టు మూసి ఆయనతోపాటు ఒడ్డుకెళ్ళింది. అన్నేళ్ళ కాపురంలో ఆయన పని చేస్తుండగా వెనకాల నడవడం అదే మొదటిసారి. తడి ఇసక మీద పళ్ళెం అటూ ఇటూ, నేలని తాకీ తాకకుండా పోతోంది. ఆవిడ మిషను వంక చూడలేదు. ఆయన కుడి భుజం వంకే చూసింది. భుజం దిగి ఉంది. చెవి వైపుకి పాకలేదు. కొంత దూరం వెళ్ళాక ఆయన తల కాస్త పక్కకి వాల్చి, వెనకాల మనిషుందన్న సంగతి మర్చిపోయి, తన లోకంలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని ఆ మర్చిపోయిన మనిషి వెనకే చాలాసేపు నడిచింది.

తర్వాత వెళ్ళి ఆయన మోచెయ్యి ముట్టుకుంది. "చాలు. ఇవాళ్టికి ఇటివ్వండి."

"నువ్వు ఊపుతావా?"

"ఏం, సవతులం ఆ మాత్రం మాట్లాడుకోకూడదా?"

ఆదివారం కూతురొచ్చింది. గోడకి ఆనించి ఉన్న మిషను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నిగనిగలాడే నల్ల కర్ర వెనక గుడ్డ సంచి వేలాడుతోంది, మధ్యలో పాత పట్టీలు, చెయ్యి ఆనించే చోట ఫెల్టు గుడ్డ. తను ఏరికోరి తెచ్చింది ఆసుపత్రిలో కట్లు కట్టించుకున్నట్టుంది.

"బాగోలేదా నాన్నా?" అంది.

సంచులక్క కూతురి చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్ళింది. గుడ్డ సంచి విప్పేసి, "ఊపు" అంది. కూతురు ఊపింది. "ఆపకు" అంది. కొంతసేపటికి కూతురు చెయ్యి మార్చుకోబోయింది. "మార్చకు. ఆయనకి మార్చుకోవడానికి ఇంకో చెయ్యి అలవాటు లేదు." ఇంకాసేపయ్యాక గుడ్డ సంచి మళ్ళీ కట్టి ఇచ్చింది. కూతురు రెండుసార్లు ఊపి ఆగిపోయింది. మళ్ళీ ఊపింది. మిషనుని కింద పెట్టి మెట్లు దిగి తండ్రి దగ్గరికెళ్ళింది.

"దూది అన్నావుగా."

"నువ్విచ్చింది దూదేనమ్మా. నా చెయ్యే బాగోలేదు."

"నన్ను నవ్వించకు. నొప్పొస్తే అమ్మ కనిపెట్టేదాకా దాచుకుంటావా? నాకు చెప్పవా?"

"చెప్తాలే."

"చెప్తాలే కాదు. ఈసారి నుంచి నాకే ముందు చెప్పాలి. అమ్మకన్నా ముందు."

ఆయన తలూపాడు. కూతురు ఆయన కుడి మణికట్టు ఒళ్ళో పెట్టుకుని నొక్కుతూ కూర్చుంది. సంచులక్క వాళ్ళిద్దర్నీ అలా వదిలేసి, అవసరం లేకపోయినా వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమింది.

ఆయన చెయ్యి మళ్ళీ మునుపటిలా కాలేదు. పైకొక్కేనికి చొక్కా ఇప్పటికీ అందదు. కానీ రోజూ ఒడ్డుకెళ్తాడు, అలిసిపోతే మిషను ఆవిడకిచ్చి చెప్పుల కాపలా కూర్చుంటాడు. ఒడ్డున ఇలాంటి మిషన్లతోనే వెతికే మరికొందరు ఆ గుడ్డ సంచీ పట్టీలూ చూసి ఒక్కొక్కరే కొట్టుకి రాసాగారు. ఒకరికి మెడనొప్పి, ఒకరికి నడుం నొప్పి. సంచులక్క వాళ్ళని నడిపిస్తుంది, ఊపమంటుంది, చెయ్యి కొలుస్తుంది. స్టూలు మీద ఆయన కూర్చుని గుండ్లు పోసిపెడతాడు.

వాన వెలిసిన ఓ మధ్యాహ్నం ఒక తెల్లజుట్టు పెద్దావిడ వచ్చింది. చేతిలో దుప్పటి చుట్టిన పాత మిషను. దుప్పటి విప్పి బల్ల మీద పెట్టింది.

"ఇది మా ఆయనదక్కా. పోయి ఏడాది అవుతోంది. అమ్మేద్దామనే బయటికి తీశాను. చేత్తో పట్టుకున్నాక అమ్మబుద్ధి కాలేదు" అంది. "నేనూ ఒకసారి ఒడ్డుకి తీసుకెళ్దామని చూశాను. అది నా చేతిలో నిలబడట్లేదు."

సంచులక్క చెయ్యి ఆనించే చోటు చూసింది. లోపలి స్పాంజి ఏళ్ళ తరబడి ఒకే చెయ్యి నొక్కి నొక్కి గుంటపడి ఉంది. లావుపాటి చెయ్యి. మోచేతి ఎముక ఎక్కడ ఆనేదో, మణికట్టు ఎటు ఒరిగేదో అంతా అందులో ఉంది. పెద్దావిడ సన్నటి చెయ్యి ఆ గుంటలో పెడితే పెద్ద చెప్పులో చిన్న కాలు పెట్టినట్టు దొర్లిపోయింది.

"ఈ స్పాంజి తీసెయ్యాలేమో కదా" అంది పెద్దావిడ, అటు చూడకుండా.

సంచులక్క ఆ గుంటని వేలితో ఒకసారి తడిమింది. "తియ్యక్కర్లేదండీ. అది అలాగే ఉండనిచ్చి పైన మెత్తటి ఫెల్టు తొడుగు వేస్తాను. ఆయనది అడుగునే ఉంటుంది. మీ చెయ్యి దాని మీద ఆనుతుంది."

పెద్దావిడ తలూపింది. కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

తొడుగు కుట్టి, కర్ర కుదించి, వెనక గుండ్లు కట్టడం పూర్తయ్యాక ముగ్గురూ వెనక ఖాళీ జాగాలోకి వెళ్ళారు. ఆయన పక్కనే నడుస్తూ, తనకి ఉద్యోగంలో మొదటిరోజు ఎవరో చెప్పినట్టే చెప్తున్నాడు. "చివర్లో పైకి ఎత్తకండి. నేలకి దగ్గరగానే పోనివ్వండి. తొందరేం లేదు." పెద్దావిడ పెదాలు బిగించి అటూ ఇటూ ఊపింది. నాలుగడుగులు వేసేసరికి పెదాలు వదులయ్యాయి. మిషను కూసింది. ఆవిడ బెదిరిపోయి ఆయన వంక చూసింది. ఆయన వంగి మట్టి తవ్వి సోడా మూత తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"పారేయనా?" అంది.

"మొదటిది ఎవరూ పారెయ్యరండీ" అన్నాడాయన.

ఆవిడ దాన్ని పర్సులో వేసుకుంది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "మీరు ఒడ్డుకి ఏ వేళప్పుడు వెళ్తారు?" అని అడిగింది.

"ఎండ తగ్గాక" అంది సంచులక్క. "రేపు మీరూ రండి. ఎవరికి చెయ్యి నొప్పెడితే వాళ్ళు కూర్చుందాం. మిగతావాళ్ళు వెతుకుతారు."